బెంగళూరులో మా బ్యాండ్‌కి మేనేజర్ కావాలా?

ప్రశ్న: నలుగురం, ఇందిరానగర్, కోరమంగళ పబ్బుల్లో తెలుగు పాటలు వాయిస్తాం, నెలకి నాలుగైదు షోలు. ఒకాయన మేనేజర్‌గా ఉంటానంటున్నారు. వచ్చే ప్రతి రూపాయిలో 20 శాతం, మూడేళ్ల అగ్రిమెంట్. సంతకం పెట్టాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: 15 నుంచి 20 శాతం మామూలేనండి. బీటిల్స్ మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టైన్ 25 దాకా తీసుకున్నారు, కానీ 1962లో తలుపు తలుపూ తట్టి వాళ్లకి రికార్డ్ కాంట్రాక్టు తెచ్చింది కూడా ఆయనే. మీ దగ్గరికొచ్చిన మేనేజర్ ఏం తెస్తారో అడగండి. ఒట్టి షోలే అయితే అది బుకింగ్ ఏజెంట్ పని, దానికి పాటల రాయల్టీలో వాటా ఎందుకు?

జవాబు: మూడేళ్లు వద్దు బ్రో. మేం అలాగే ఇరుక్కున్నాం. సౌండ్ చెక్‌కి కూడా రాని మనిషి, మేమే మాట్లాడుకున్న పెళ్లి షోలోనూ, వ్యాన్ అద్దె మా జేబులోంచి పోయాక కూడా, కమిషన్ పట్టుకునేవాడు. ఏడాదికే రాయించండి, ఖర్చులు పోగా మిగిలినదాని మీదే కమిషన్ అని.

జవాబు: సొంత పాటలుంటే రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు ముందు ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసి రాసినవాళ్లకి, ట్యూన్ కట్టినవాళ్లకి ఇచ్చే సంస్థ) సొంత పేర్లతో చేరండి. మేనేజర్ సంగతి తర్వాత.

ప్రశ్న అడిగింది నేనే: ఖర్చుల మాట అగ్రిమెంట్‌లో అసలు లేదండీ. రేపే అడుగుతాను.