మిర్యాలగూడ తమ్ముడు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో దుకాణం పెడతాడట, తెలిసినవాళ్లు చెప్పండి

మిర్యాలగూడ, ఇప్పుడు లెస్టర్

అన్నలకు, అక్కలకు నమస్తే. ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. మా ఇంటామె ఆసుపత్రిలో నర్సు, ఆమె వీసా మీద డిపెండెంట్‌గా వచ్చాను. ఊళ్లో రైస్‌మిల్లుల దగ్గర మాకు కిరాణా దుకాణం ఉండేది. పదకొండేళ్లు గల్లా దగ్గర కూర్చున్నాను కాబట్టి వ్యాపారం నాకు కొత్త కాదు. ఇక్కడ బెల్‌గ్రేవ్ రోడ్డు వైపు గుజరాతీ వాళ్ల షాపులు చాలా ఉన్నాయి గానీ సకినాలు, సర్వపిండి, మన తొక్కులు నాకైతే కనపడలేదు. చిన్న షాపు తీసుకుని ఒకవైపు సరుకులు, ఒకవైపు వేడి టిఫిన్లు పెడదామని ఉంది. ఒక షాపు చూశాను. ఓనర్ ఈ శుక్రవారం లోపు సంతకం పెట్టమంటున్నాడు. నా ప్రశ్న ఒక్కటే: సోల్ ట్రేడర్‌గా, అంటే సొంత పేరు మీదే మొదలుపెట్టాలా, లిమిటెడ్ కంపెనీ పెట్టాలా?

నకిరేకల్, ఇప్పుడు స్లౌ

తమ్మీ, ఆ శుక్రవారం సంగతి పక్కన పెట్టు. మొదటే షాపు ఎందుకు? ముందు ఇంట్లోంచి అమ్మి చూడు. నేను 2021 చివర్లో అలాగే మొదలుపెట్టాను. ఇంటి వంటగదిలో చేసి అమ్మినా, మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే కౌన్సిల్‌లో (ఇక్కడి మున్సిపాలిటీ) ఫుడ్ బిజినెస్ రిజిస్ట్రేషన్ చేయాలి. ఫీజు లేదు, కాదనరు కూడా. కిరాయి ఇల్లయితే ఇంటి ఓనర్ సరేనన్నట్టు కాగితం మీద తీసుకో.

తర్వాత ఇన్‌స్పెక్షన్‌కు వస్తారు. మా ఇంటికి వచ్చినామె ఫ్రిజ్ తెరిచి తన థర్మామీటర్ పెట్టి చూసింది. 8 డిగ్రీలు దాటకూడదు, నాది 5 ఉంది. గిన్నెలు, గట్టు, చేతులు కడిగే సింకు అన్నీ బాగున్నాయంది. ఆఖరికి "ఫ్రిజ్ డిగ్రీలు రోజూ ఎక్కడ రాస్తున్నారు?" అని అడిగింది. ఎక్కడా రాయలేదు. 5కు 3 రేటింగ్ వచ్చింది. వంటకు కాదు, రాత లేనందుకు. ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వాళ్ల డైరీ ఒకటి ఉంటుంది, రోజూ నింపి సంతకం పెట్టడమే. ఆర్నెల్లు నింపి మళ్లీ పిలిపించుకుంటే 5 ఇచ్చారు.

లేబుళ్ల విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా అశ్రద్ధ చేయకు. ఇక్కడ అలర్జీ పదార్థాలని 14 రకాలు రాసిపెట్టారు. మన సకినాల్లో నువ్వులు, మామిడికాయ తొక్కులో ఆవపిండి, సర్వపిండిలో పల్లీలు, ఈ మూడూ అందులో ఉన్నాయి. 2016లో నటాషా అనే పదిహేనేళ్ల అమ్మాయి శాండ్‌విచ్‌లో నువ్వులున్నాయని తెలియక తిని చనిపోయింది. ఆ పిల్ల పేరు మీదే చట్టం తెచ్చారు, 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ముందే ప్యాక్ చేసినదాని మీద పదార్థాలన్నీ రాయాలి, ఆ 14లో ఏదున్నా లావు అక్షరాల్లో కనపడేటట్టు అచ్చేయాలి. "మనోళ్లేగా, సకినాల్లో నువ్వులుంటాయని తెలియదా" అనుకోవద్దు. మనోళ్ల పిల్లలు స్కూల్లో పక్క పిల్లలకు పంచుతారు.

ఇంకోటి, ధర. 2022 సంక్రాంతికి పది కిలోల సకినాలు చేశాను. బియ్యం నానబెట్టి, తడిపిండి పట్టి, వాము, నువ్వులు కలిపి, బట్ట మీద ఒక్కొక్కటి చుట్టి, ఆరబెట్టి కాల్చాలి కదా, రెండు రాత్రులు పట్టింది. పావుకిలో ప్యాకెట్ 3 పౌండ్లు. 40 ప్యాకెట్లకు 120 వచ్చాయని సంబరపడ్డాను. మా ఆయన కూర్చోబెట్టి లెక్క రాయించాడు. పిండి, నూనె, నువ్వులు 38. కవర్లు, లేబుళ్లు 9. గ్యాసు, కరెంటు 8. మిగిలింది 65. నేను నిలబడ్డది 18 గంటలు, అంటే గంటకు మూడున్నర పౌండ్లు. అప్పుడు ఇక్కడి కనీస కూలి 8.91. వేరే ఎవరి దగ్గరో ఆ పని చేసుంటే రెండింతలకు పైనే వచ్చేది. మన చేతి కూలి కలపని ధర ధరే కాదు తమ్మీ. ఇప్పుడు అదే ప్యాకెట్ ఆరున్నరకు అమ్ముతున్నాను, కొనేవాళ్లు కొంటున్నారు.

ఊరి నుంచి వచ్చేవాళ్లతో నెయ్యి, మాంసం తొక్కు తెప్పించి అమ్ముదామని ఎవరైనా ఐడియా ఇస్తే వినకు. పాల పదార్థాలు, మాంసం ఇండియా నుంచి బ్యాగులో తేకూడదు.

దేవరకొండ, ఇప్పుడు బర్మింగ్‌హామ్

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఆ శుక్రవారం గురించే చెప్తాను, ఎందుకంటే నన్ను కూడా ఒక శుక్రవారమే తొందరపెట్టారు.

2016 మార్చి. ఒంటి అంతస్తు షాపు, నెలకు 1,100 పౌండ్లు, మూడు నెలల డిపాజిట్, ఐదేళ్ల లీజు. ఓనర్ మంచిగా మాట్లాడాడు, చాయ్ తాగించాడు. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, నీ ముఖం చూసి ఆపాను" అన్నాడు. లీజు 40 పేజీలు. ఒక్క పేజీ చదవలేదు. సొంత సొలిసిటర్‌ను (లాయరును) పెట్టుకుంటే 900 అవుతుందన్నారు, దండగనుకున్నాను. ఒక కాగితం మాత్రం వేరే సొలిసిటర్ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలంటే పోయాను. ఆయన అయిదు పౌండ్లు తీసుకుని, "ఇందులో ఏముందో తెలుసా?" అని అడిగాడు. తెలుసన్నాను. తెలియదు.

నవంబరులో వానలు మొదలయ్యాయి. ఒక సోమవారం పొద్దున షట్టర్ ఎత్తితే లోపల తడి వాసన. ఫ్రీజర్ పైన కప్పులో ఉబ్బిన మరక, దాని నడుమ నుంచి చుక్క చుక్కగా నీళ్లు. కింద సోనా మసూరి బస్తాలు, 20 కిలోలవి పద్నాలుగు తడిసి ముక్కిన వాసన కొడుతున్నాయి. ఓనర్‌కు ఫోన్ చేశాను. "లీజు చదువుకో" అన్నాడు, అంతే. చదివించుకుంటే తెలిసింది, రిపేర్లన్నీ కిరాయిదారువే. కప్పు, గోడలు, మోరీలు అన్నీ. ఆ కప్పు నేను రాకముందే చెడిపోయిందని చూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో లేదు. 6,800 పౌండ్లు పెట్టి పరాయివాడి కప్పు నేను వేయించాను. ఆ డబ్బు మా చెల్లె పెళ్లికని దాచింది. ఇప్పటికీ నాన్నకు ఆ సంగతి పూర్తిగా చెప్పలేదు.

2021లో ఐదేళ్లు నిండాయి. బేరం నిలబడ్డది, రోజూ వచ్చే జనం ఉన్నారు. లీజు పొడిగించమంటే కుదరదన్నాడు. దుకాణం లీజును మళ్లీ అడిగే హక్కు ఇక్కడ 1954 చట్టంలో ఉంది. ఆ హక్కు నాకొద్దని రాసిచ్చినదే ఆ అయిదు పౌండ్ల కాగితం. పైగా వెళ్లేటప్పుడు షాపును మొదట ఉన్నట్టు చేసి ఇవ్వలేదని 9,000 బిల్లు పంపాడు. కొట్లాడి, డిపాజిట్ వదులుకుని, పైన ఇంకో 2,200 ఇచ్చి బయటపడ్డాను.

కాబట్టి తమ్మీ, సొంత సొలిసిటర్ లేకుండా సంతకం వద్దు. షాపు కప్పు నుంచి మోరీ దాకా ఫోటోలు తీసి, తేదీతో లీజుకే జత చేయించు. ఏడాదికో రెండేళ్లకో మధ్యలో వదిలేసే వీలు రాయించు. ఓనర్ కాదంటే ఆ షాపు నీది కాదు.

వేడి టిఫిన్లు అన్నావు. 2020 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో మామూలు షాపు, కూర్చుని తినే హోటల్ ప్లానింగ్ లెక్కలో ఒకే క్లాసులో ఉన్నాయి. వేడి తిండి పార్సిల్ ఇచ్చే టేక్‌అవే ఆ క్లాసులో లేదు, దానికి కౌన్సిల్ ప్లానింగ్ పర్మిషన్ కావాలి. నువ్వు చూసిన షాపుకు ఉందా?

గద్వాల, ఇప్పుడు రీడింగ్

దేవరకొండ అన్నా, మీకు జరిగింది చూసి బాధేసింది గానీ అందరినీ ఇంత భయపెట్టొద్దు. 1954 చట్టం ఉండగా ఓనర్ అంత తేలిగ్గా ఖాళీ చేయించలేడు.

తమ్ముడూ, నువ్వు ఆన్‌లైన్‌లోనే మొదలుపెట్టు. నేను గద్వాల చీరలు అలాగే అమ్ముతున్నాను. అయితే ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు వస్తువు అందాక 14 రోజుల లోపు వద్దనే హక్కు ఉంటుంది. ఆ మాట నువ్వు ముందే రాసివ్వకపోతే ఆ గడువు ఇంకో ఏడాది పెరుగుతుంది. నేను రాయలేదు. ఒకామె నాలుగు నెలలకు చీర తిప్పి పంపింది, పట్టంచు మీద సెంటు మరక. ముందే రాసివ్వలేదు కాబట్టి మరకకు ఏమీ పట్టుకోకుండా డబ్బంతా ఇచ్చేయాల్సి వచ్చింది. అమ్మకం ఏప్రిల్ నుంచి ఏప్రిల్‌కు 85,000 దాటే వరకు వ్యాట్ గురించి టెన్షన్ పడకు.

నాగర్‌కర్నూలు, ఇప్పుడు మాంచెస్టర్

గద్వాల అక్కా, వ్యాట్ సంగతి అలా కాదు, ఇది సరిచేయాలి. 2024 ఏప్రిల్ నుంచి 90,000. అది ఏప్రిల్ నుంచి ఏప్రిల్‌కు కాదు, ఏ నెలాఖరున చూసినా వెనక్కి 12 నెలల అమ్మకం. దాటిన నెల ముగిశాక 30 రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలి. నేను ఇక్కడే దెబ్బతిన్నాను. బియ్యం, పప్పు మీద వ్యాట్ సున్నా కదా, ఆ అమ్మకం లెక్కలోకి రాదనుకున్నాను. వస్తుంది. వేడి తిండి మీద 20 శాతం. ఏడు నెలలు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే అమ్మేసిన బిర్యానీల మీద కస్టమర్ దగ్గర తీసుకోని పన్ను నా జేబులోంచి కట్టాను. చీరల మీద కూడా 20 శాతమే అక్కా, ఒకసారి మీ లెక్క చూసుకోండి.

తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. సోల్ ట్రేడర్‌గా మొదలుపెట్టు. ఏప్రిల్ 5తో పన్ను ఏడాది ముగుస్తుంది, ఆ తర్వాత వచ్చే అక్టోబరు 5 లోపు సెల్ఫ్ అసెస్‌మెంట్‌కు (మన పన్ను లెక్క మనమే పంపే పద్ధతి) రిజిస్టర్ చేసుకో, జనవరి 31 లోపు పన్ను కట్టు. నేను 2017లో 12 పౌండ్లకు వస్తుందని కంపెనీ పెట్టి, వ్యాపారం మొదలవలేదని మర్చిపోయాను. ఏమీ చేయని కంపెనీకి కూడా ఏటా లెక్కలు పంపాలి. గడువు మీద ఆర్నెల్లు దాటితే 1,500 పౌండ్ల జరిమానా. కట్టాను.

షాపు లీజుకు కంపెనీ పేరుంటే ఇల్లు సేఫ్ అని కూడా అనుకోకు. ఓనర్లు పర్సనల్ గ్యారంటీ అడుగుతారు, అంటే కంపెనీ కట్టకపోతే నేనే కడతానని రాసివ్వడం. మా నాన్న పాలమూరు నుంచి బొంబాయి కూలికి పోయిన మనిషి. మేస్త్రీ దగ్గర పండుగకు తీసుకున్న అడ్వాన్సు మూడేళ్లు తీరలేదు. అమ్మ కూడా పోయి మట్టి మోసింది. ఆ గ్యారంటీ కాగితం చూస్తే నాకు ఆ అడ్వాన్సే గుర్తొస్తుంది.

ఉద్దెర మాత్రం ఎవరికీ ఇవ్వకు. మన సంఘం వాళ్లకే 3,100 పౌండ్లు ఇచ్చి, సగం కూడా రాబట్టలేదు.

దేవరకొండ, ఇప్పుడు బర్మింగ్‌హామ్

గద్వాల చెల్లె, ఆ చట్టం ఉన్నది నిజమే, నేను సంతకంతో పోగొట్టుకున్నాను. సంతకం పెట్టనివాళ్లకు ఉంది. ఆ తేడా ఈ తమ్ముడికి తెలియాలనే ఇంత రాశాను.

నాగర్‌కర్నూలు అన్న ఉద్దెర వద్దన్నది నేను ఒప్పుకోను. కొత్తగా వచ్చిన స్టూడెంటు మొదటి నెల పప్పు కూడా కొనలేడు. 30 పౌండ్ల దాకా రాసుకుని ఇస్తాను, అది తీర్చేదాకా మళ్లీ లేదు. ఇప్పటిదాకా ఒక్కరే ఎగ్గొట్టారు.

నాగర్‌కర్నూలు, ఇప్పుడు మాంచెస్టర్

30కి ఆపగలిగితే సరే అన్నా. నేను కాదనలేకపోయాను, వాళ్లు మా ఇంటికి వచ్చి తిన్నవాళ్లు.

స్టూడెంట్లు అన్నారు కాబట్టి చెప్తున్నాను. క్లాసులున్న రోజుల్లో డిగ్రీ, మాస్టర్స్ పిల్లలకు వారానికి 20 గంటలే. క్యాష్ ఇచ్చి ఎక్కువ చేయిస్తే ఆ పిల్లల వీసాకే ముప్పు. ఓనర్‌కు 2024 ఫిబ్రవరి నుంచి మొదటి తప్పుకే మనిషికి 45,000 దాకా జరిమానా. షేర్ కోడ్ (పని చేసే హక్కు ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసే నంబరు) చూడకుండా వీసా మీద ఉన్న ఎవరినీ పనిలో పెట్టకు. ఒక్క మనిషిని పెట్టుకున్నా ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్సు ఉండాలి. మీ ఇంటామె పేరు మీద కూడా వ్యాపారం పెట్టొద్దు, ఆమె వీసా మీద కుదరదు. నీ డిపెండెంట్ వీసా మీద కుదురుతుంది.

గద్వాల, ఇప్పుడు రీడింగ్

90,000 సంగతి ఇప్పుడే చూశాను, మీరు చెప్పిందే నిజం. వెనక్కి 12 నెలలు కూడితే నాది 71,000 ఉంది. దసరా, దీపావళి ముందుంది, ఈ నెల నుంచి రాసుకుంటాను. థ్యాంక్స్ అన్నా.

మిర్యాలగూడ, ఇప్పుడు లెస్టర్

అందరికీ దండం. ఇందాకే ఓనర్‌కు ఫోన్ చేశాను. ఫోటోలు లీజుకు జత చేస్తారా అని అడిగితే "అవన్నీ అవసరం లేదు" అన్నాడు. టేక్‌అవే పర్మిషన్ గురించి అడిగితే, ఇంతకుముందు ఉన్నాయన అలాగే నడిపించాడన్నాడు. కాగితం చూపించలేదు. శుక్రవారం సంతకం పెట్టట్లేదు. ఇంటి ఓనర్‌ను అడిగి రేపే కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేస్తాను. నకిరేకల్ అక్కా, సకినాల లేబుల్ ఫోటో ఒకటి పంపుతావా? షాపు మీద మాత్రం ఇంకా మనసు పోలేదు, మూల మీద ఉంది, బస్టాపు ఎదురుగానే.

దేవరకొండ, ఇప్పుడు బర్మింగ్‌హామ్

ఆదివారం నాకు ఖాళీ. గంట దారి, నేనే వస్తాను. నిచ్చెన వ్యాన్‌లో ఉంది, ముందు కప్పు ఎక్కి చూద్దాం. నీ లీజు కాగితాలు ప్రింటు తీసి పెట్టు.