ఫోను నంబరు ఇవ్వనివారికి ఖాతా ఇవ్వాలా, వద్దా?

బరంపురం వాసి: ఒడిశా తెలుగువారి చర్చా వేదికలో ఇకమీదట అసలు పేరు, ఫోను నంబరు ఇచ్చినవారికే ఖాతా ఇవ్వాలని నా ప్రతిపాదన. నిన్న తీసేసిన ఖాతా ఈ రోజు మరో మారుపేరుతో వచ్చి అవే బూతులు రాస్తోంది. నిర్వాహకులు విసిగిపోయారు.

పర్లాకిమిడి టీచర్: మీ బాధ అర్థమైంది కానీ ప్రతిపాదనకు నేను ఒప్పుకోను. దక్షిణ కొరియా ఈ పని చేసి చూసింది. పెద్ద వెబ్‌సైట్లలో రాయాలంటే గుర్తింపు నిరూపించుకోవాలని 2007లో నిబంధన తెచ్చారు. 2011లో ఒక్క సంస్థ నుంచే సుమారు మూడున్నర కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. దానివల్ల చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగ్గంతగా తగ్గిన దాఖలా కూడా లేదంది.

మరి మన పేర్లు, నంబర్ల జాబితా ఎవరి చేతిలో ఉంటుంది? జీతం లేకుండా పనిచేసే నిర్వాహకుడి చేతిలో. ఆయన మన పక్క వీధివాడే కావచ్చు. గజపతి జిల్లాలో ఇంటిపేరు, ఊరు చెబితే చాలు, తాతల దాకా వివరాలు చెప్పేవారున్నారు. తన బడిలో తెలుగు పంతులు పోస్టు ఖాళీగా ఉందని రాసే ఉపాధ్యాయుడు, అత్తింటి వేధింపులపై సలహా అడిగే కోడలు, ఇద్దరూ మారుపేరు లేకపోతే నోరు విప్పరు. వాళ్లు లేని వేదికలో మిగిలేది పండగ శుభాకాంక్షలే.

రాయగడ పాఠకుడు: టీచర్ గారూ, మీరన్నది నిజమే. కానీ మొన్న ఒక ఆడపిల్ల ఫొటో పెట్టి రాత్రి పూట నీచంగా రాశారు. దాన్ని తీసేసరికి తెల్లవారింది. ఆ ఇంటివాళ్లకు ఏం జవాబు చెప్పాలి? బూతుల వడపోత ఎందుకూ కొరగాలేదు. తెలుగు తిట్టును ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఒడియా మాట కలిపి రాశాడు.

పర్లాకిమిడి టీచర్: అందుకే మనుషులే చదవాలంటున్నాను. కొత్త ఖాతా రాసే మొదటి పోస్టులు నిర్వాహకుడు చూశాకే కనిపించాలి. కొన్నాళ్లు ఫొటోలకు అనుమతి వద్దు. ఫొటోపై ఫిర్యాదు వస్తే ముందు దాన్ని ఎవరికీ కనిపించకుండా దాచాలి, విచారణ తరువాత. మార్ఫింగ్ ఫొటోపై బాధితురాలు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీయాలని 2021 నాటి ఐటీ నిబంధనల్లో మొదట పెట్టారు, 2026లో ఆ గడువును ఇంకా తగ్గించారు. మనం అంతసేపు కూడా ఆగకూడదు. తీసిన ప్రతి పోస్టుకూ కారణం రాయాలి, లేకపోతే గిట్టనివారి నోరు మూయించారన్న మాట వస్తుంది.

బరంపురం వాసి: రేపు పోలీసులు వస్తే ఏమిస్తాం?

పర్లాకిమిడి టీచర్: ఉన్నదే ఇస్తాం, ఐపీ చిరునామా (ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రాశారో తెలిపే సంఖ్య), లాగిన్ సమయం. నమోదుకు తీసుకున్న వివరాలను ఖాతా రద్దయ్యాక కూడా 180 రోజులు ఉంచాలని అవే నిబంధనలు చెప్పాయి. అడగని నంబరును దాచే పని లేదు, అది బయటపడుతుందన్న భయమూ లేదు.

బరంపురం వాసి: కొత్త ఖాతాల ఫొటోలు ఈ రోజే ఆపండి. నంబరు విషయంలో మాత్రం నేనింకా మీతో ఏకీభవించలేను. రాత్రి పూట చూడటానికి ఒడియా, తెలుగు రెండూ చదవగలిగినవారు కావాలి కదా, నా పేరు రాసుకోండి.