కాలనీ కాంప్లెక్స్‌లో 8 షట్టర్లు, నిండినవి 2: మిగతావి ఏ వరసలో ఇవ్వాలి?

ప్రశ్న అడిగినవారు: షట్టర్‌నంబర్8

హైదరాబాద్ శివారు కాలనీ, 40 అడుగుల రోడ్డు మీద జీ ప్లస్ 1 కాంప్లెక్స్. కింద 8 షట్టర్లు, ఒక్కోటి 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు. పైన 1,600 చదరపు అడుగుల హాలు, లిఫ్ట్ లేదు. చుట్టూ అపార్ట్‌మెంట్లు సగం నిండాయి, ఇంకో నాలుగు లేస్తున్నాయి. 7 నెలల్లో వచ్చినవి రెండే: 3వ షట్టర్‌లో కిరాణా, 6వ దాంట్లో మొబైల్ రిపేరు. అడుగుతున్న అద్దె 18,000, అడ్వాన్స్ 6 నెలలది.

ఇప్పుడు ముగ్గురు వచ్చి అడుగుతున్నారు. టిఫిన్ సెంటర్ అతను మూల షట్టర్ (1) ఇస్తే 20,000 ఇస్తానంటున్నాడు. మెడికల్ షాపు అతనికీ మూలే కావాలి, కానీ 16,000 దాటనంటున్నాడు. సెలూన్ వాళ్లకు ఎక్కడైనా పరవాలేదు, 18,000కి సరే అన్నారు. పైన హాలుకు 40,000 అనుకుంటున్నాం, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మూల ఎవరికివ్వాలి? అద్దె తగ్గించాలా, ఆగాలా? అన్నీ నిండితే జీఎస్టీ సంగతి ఏమిటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

జవాబు 1: మడిగెల మల్లన్న

మూల మడిగె (షట్టర్) మెడికల్ షాపుకే ఇయ్యుండ్రి. 20 వేలు చూసి టిఫిన్ సెంటర్‌కు ఇయ్యకుండ్రి. ఎందుకంటే టిఫిన్ సెంటర్ నడిచేది పొద్దున 7 నుంచి 10 దాకా. 11 తర్వాత షట్టర్ సగం దించేసి ఉంటది. రోడ్డు మీద పోయేటోడికి ముందు కనపడేది మూల మడిగె. అది మూసి ఉంటే కాంప్లెక్సే ఖాళీగా ఉందనుకుంటడు. మెడికల్ షాపు పొద్దున 8 నుంచి రాత్రి 11 దాకా లైటు వేసుకొని కూసుంటది. సగం నిండిన కాంప్లెక్స్‌కు ఆ లైటే పెద్ద బోర్డు.

మొదటి నలుగురిని అద్దె చూసి కాదు, టైము చూసి తెచ్చుకోవాలె. పాలు, కిరాణాకు పొద్దున 6 నుంచి 9. టిఫిన్‌కు 7 నుంచి 10. జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపుకు 10 నుంచి 5. కర్రీ పాయింట్‌కు పగలు 11:30 నుంచి 2, మళ్ల సాయంత్రం 6:30 నుంచి 9:30. రోజులో ఏ గంటకు మీ ముందట మనిషి లేడో చూడుండ్రి, ఆ గంటకు జనాన్ని తెచ్చే షాపును ముందు వెతకుండ్రి. మీకిప్పుడు పగలు 11 నుంచి 2 మధ్య జనమే ఉండరు. కర్రీ పాయింట్ ఆ లోటు తీరుస్తది.

మెడికల్ షాపుకు చట్టం ప్రకారం కనీసం 10 చదరపు మీటర్లు, అంటే సుమారు 108 చదరపు అడుగులు ఉండాలె. మీది 200, ఢోకా లేదు. కానీ ర్యాకులు, ఫ్రిజ్, ఫార్మసిస్టు కాయితాలు అన్నీ రెడీ అయినంకనే డ్రగ్ లైసెన్స్ చేతికొస్తది. అప్పటిదాకా అమ్మకం ఉండదు. అందుకే వాళ్లు అద్దె తక్కువ అడుగుతరు. లైసెన్స్ వచ్చేదాకా అద్దె వద్దనుండ్రి, కానీ 45 రోజులు దాటితే వచ్చినా రాకపోయినా అద్దె మీటరు తిరుగుతదని రాసుకోండ్రి.

2వ మడిగె డాక్టరు కోసం ఆపుండ్రి, సెలూన్‌ను 7కు పంపుండ్రి, టిఫిన్‌ను చివరకు, 8కి. 4, 5 మాత్రం విడివిడిగా ఇయ్యకుండ్రి. 400 చదరపు అడుగులు అడిగే బేకరీ, రక్తం శాంపిల్ కలెక్షన్ సెంటరు వస్తే మీ దగ్గర పక్కపక్కన మిగిలేవి అవే. 90 రోజులు చూసి రాకపోతే అప్పుడు విడగొట్టుండ్రి. మధ్యగోడ తీయాల్సొస్తే అది స్లాబు బరువు మోసే గోడ కాదని ఇంజనీరుతో చూపించుకున్నంకనే ముట్టుకోండ్రి.

జవాబు 2: లోడ్‌లెక్క

మల్లన్న గారు చెప్పిన వరస బాగుంది. కానీ ఎవరి దగ్గరైనా అడ్వాన్స్ తీసుకునే ముందు కరెంటు, నీళ్లు, డ్రైనేజీ చూసుకోండి. చాలా కాంప్లెక్సుల్లో అద్దెదారు మూడో నెలలో వెళ్లిపోయేది అద్దె ఎక్కువై కాదు, ఇవి సరిపోక.

మెడికల్ షాపుకు ఒక 1.5 టన్నుల ఏసీ, ఫ్రిజ్, లైట్లు కలిపి 3 కిలోవాట్ల లోపే. సింగిల్ ఫేజ్ చాలు. సెలూన్‌కు రెండు ఏసీలు, 2 కిలోవాట్ల గీజరు, డ్రయ్యర్లు కలిస్తే 7, 8 వరకు పోతుంది. త్రీ ఫేజ్ మీటరు లేకుండా ఒప్పుకోవద్దు. టిఫిన్ సెంటర్‌కు గ్రైండర్, ఫ్రీజర్, ఎగ్జాస్ట్ కలిపి 3, 4. ప్రతి షట్టర్‌కూ వేరే కమర్షియల్ మీటరు, దాని వెనక ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేది) ఉండాలి. 5 కిలోవాట్లంటే 22 ఆంపియర్ల దాకా లాగుతుంది, కాబట్టి మీటరు నుంచి షట్టర్‌కు 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు తగ్గొద్దు. దూరం ఎక్కువుంటే 6. ఏసీకి విడిగా లైను వేయాలి.

ఒప్పుకున్న లోడు దాటి వాడితే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అదనపు లోడుకు డబ్బు కట్టమని నోటీసు ఇస్తుంది. సర్వీసు మీ పేరు మీద ఉంటే ఆ నోటీసు మీకే. అలాగని అవసరానికి మించి తీసుకున్నా నష్టమే, ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్ లెక్కన పడుతుంది. ఎవరు వస్తున్నారో తేలాక ఆ షట్టర్‌కే పెంచండి.

టిఫిన్ సెంటర్ విషయంలో అసలు తలనొప్పి డ్రైనేజీ. పెనం కడిగిన వేడి నీళ్లలో నూనె కరిగి సింక్‌లోంచి హాయిగా దిగిపోతుంది. 20, 30 అడుగులు పోయి చల్లబడేసరికి పైపు గోడకు తెల్లగా, డాల్డా గడ్డలా అంటుకుంటుంది. దాని మీద మెతుకులు, పచ్చడి పిప్పి పేరుకుంటాయి. నాలుగైదు నెలలకు నీళ్లు వెనక్కి తన్ని పక్క షాపు బాత్రూంలో తేలతాయి. దీనికి మందు ఒకటే. సింక్ నుంచి పైపులో కలిసేలోపు రెండు గదుల గ్రీజు ట్రాప్, కనీసం 100 లీటర్లది పెట్టాలి. మొదటి గదిలో నూనె పైకి తేలి ఆగుతుంది, అడుగునుంచి నీళ్లు రెండో గదిలోకి పోతాయి. వారానికోసారి తేలిన గ్రీజు తీసి బయట పారేయాలి, ఆ పని ఎవరిదో అగ్రిమెంట్‌లో ఉండాలి. పైపు 110 ఎంఎం, మీటరుకు 1.5 నుంచి 2 సెంటీమీటర్ల వాలు. 8వ షట్టర్ మీ మ్యాన్‌హోల్ వైపే ఉందా? లేకపోతే పైపు అందరి ముందు నుంచీ పోవాలి.

పొగ గొట్టం స్లాబు దాటి పైకి పోవాలి. వెనక గోడకు కన్నం పెట్టి వదిలేస్తే పైన హాలులోకి తాలింపు వాసన వెళ్తుంది, ఇక ఆ హాలుకు ట్యూషన్ సెంటరూ రాదు, క్లినిక్కూ రాదు. సిలిండర్లు లైసెన్స్ లేకుండా 100 కిలోల వరకే ఉంచొచ్చు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు 5 అంటే 95. నిండువి, వాడుతున్నవి కలిపి అంతకు మించొద్దని రాయించండి.

జవాబు 3: కౌంటర్‌వెనక

మల్లన్న గారూ, 7లో సెలూన్, 8లో టిఫిన్ మాత్రం వద్దండీ. ఇడ్లీ తింటున్నవాడి పక్కన వెంట్రుకలు ఊడ్చి గుమ్మంలోకి తెస్తే టిఫిన్ అతను నెల తిరక్కుండా గొడవ పెట్టుకుంటాడు, అతని తప్పూ లేదు. రెండిటి డ్రైనేజీ ఒకటే అయితే గ్రీజుకు వెంట్రుకలు చుట్టుకుని పైపులో తాడులా తయారవుతాయి. సెలూన్‌ను 2కు మార్చండి. డాక్టరు మెడికల్ షాపు పక్క గోడకే ఉండాల్సిన పని లేదు, ఒకే వరసలో కనపడితే చాలు. 7 జిరాక్స్ షాపుకు బాగుంటుంది.

షాపు పెట్టేవాళ్లు వచ్చి చూసేవి ఏమిటో కూడా తెలుసుకోండి. సాయంత్రం 7, 8 మధ్య ఎదురుగా నిలబడి కిరాణాకు ఎంతమంది వస్తున్నారో లెక్కపెడతారు. రోడ్డు నుంచి మెట్లు ఎన్నో చూస్తారు. మూడు మెట్లుంటే మందుల కోసం వచ్చే ముసలివాళ్లు బండి మీదే కూర్చుని కేక వేస్తారు, లేదా ముందుకు పోతారు. మూల షట్టర్‌కైనా ర్యాంపు పోయించండి. బండ్లకు చోటు చూస్తారు. ఒక బైక్‌కు రెండున్నర అడుగులు, అంటే ఒక్కో షట్టర్ ముందు 4 బండ్లు. కిరాణా అతను వాటర్ క్యాన్లు, బియ్యం బస్తాలు బయట పేర్చాడంటే అందులో 2 పోయాయి. షట్టర్ గీత దాటి సామాను పెట్టకూడదన్నది మొదటి అగ్రిమెంట్‌లోనే ఉండాలి. తర్వాత వచ్చినవాళ్లకు మాత్రమే రాస్తే ఎవరూ వినరు.

వెనక వైపు ఒక కామన్ టాయిలెట్, తాళంతో. ఆడవాళ్లు పనిచేసే షాపు ఏదీ అది లేకుండా నిలవదు. దాని గురించి అడగడానికి మొహమాటపడి వేరే సాకు చెప్పి వెళ్లిపోతారు.

బోర్డులన్నీ ఒకే ఎత్తులో, ఒకే సైజులో ఉండేలా షట్టర్ పైన రెండున్నర అడుగుల పట్టీ వదలండి. పేరు తెలుగులో పైన, మిగతా భాషలు దాని కింద ఉండాలన్నది షాపుల చట్టం రూలే. పైన హాలుకు ఎవరూ రాకపోవడానికి ఒక కారణం, మెట్ల మొదట్లో వాళ్ల పేరు పెట్టుకునే చోటు లేకపోవడం అయ్యుండొచ్చు. మెట్ల దగ్గర ట్యూబ్‌లైటు, బోర్డు ఫ్రేము ముందే బిగించి చూపించండి.

జవాబు 4: ఖాతాపుస్తకం

జీఎస్టీ లెక్క. 8 షట్టర్లు 18,000 చొప్పున 1,44,000. హాలు 40,000. నెలకు 1,84,000, ఏడాదికి 22,08,000. పరిమితి 20 లక్షలు. అంటే కాంప్లెక్స్ పూర్తిగా నిండిన ఏడాదే మీరు రిజిస్ట్రేషన్ తీసుకుని అద్దె మీద 18 శాతం వసూలు చేసి కట్టాలి. ఇప్పుడు సంతకం పెడుతున్న అగ్రిమెంట్లలోనే 'జీఎస్టీ వర్తిస్తే అద్దెకు అదనం' అన్న వాక్యం లేకపోతే, ఆ 18 శాతం మీ జేబులోంచి పోతుంది. 18,000 మీద అది 3,240. జీఎస్టీ లేని చిన్న షాపు దాన్ని వెనక్కి తీసుకోలేదు కాబట్టి, ఈ సంగతి ముందే నోటితో కూడా చెప్పండి.

మీరు రిజిస్టర్ కాకముందు కూడా, రిజిస్టరై ఉన్న అద్దెదారు అయితే 2024 అక్టోబర్ 10 నుంచి రివర్స్ చార్జ్ కింద అతనే ఆ పన్ను కట్టాలి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్లకు 2025 జనవరి 16 నుంచి ఇది లేదు. తిరిగి ఇచ్చే అడ్వాన్స్ మీద పన్ను పడదు, కానీ దాన్ని అద్దెలో సర్దితే పడుతుంది.

అగ్రిమెంట్ సంగతికి వస్తే, 3 ఏళ్లు లాక్ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడదన్న గడువు) అని మామూలు స్టాంప్ పేపరు మీద రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే ఆ లాక్ఇన్‌ను నమ్ముకోలేం. మన రాష్ట్రంలో లీజు ఎంత కాలానిదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకపోతే అది నెలనెలా అద్దెగా లెక్కకొస్తుంది, 15 రోజుల నోటీసుతో అటూ ఇటూ ఎవరైనా తెంచుకోవచ్చు. లక్షలు పెట్టి ఇంటీరియర్ చేసుకునే సెలూన్‌కు, మెడికల్ షాపుకు 3 ఏళ్ల రిజిస్టర్ లీజు ఇవ్వండి. జిరాక్స్, మొబైల్ షాపులకు 11 నెలల గడువు చాలు.

కరెంటు బిల్లు బకాయి సర్వీసునే పట్టుకుంటుంది, మనిషిని కాదు. కాబట్టి అద్దె అడ్వాన్స్ కాకుండా 2 నెలల బిల్లుకు సరిపడా వేరే డిపాజిట్ తీసుకోండి.

షట్టర్‌నంబర్8

అందరికీ చాలా కృతజ్ఞతలు. మ్యాన్‌హోల్ 8వ షట్టర్ వైపే ఉంది. ఇంకో రెండు సందేహాలు. మెడికల్ షాపుకు 16,000కి ఇస్తే కిరాణా అతను తనకూ తగ్గించమంటాడేమో. ఇంకా, తనది తప్ప ఇంకో కిరాణాకు ఇవ్వకూడదని ఇప్పుడు రాసివ్వమంటున్నాడు.

మడిగెల మల్లన్న

సెలూన్ సంగతి కౌంటర్‌వెనక గారు కరెక్టుగ పట్టిండ్రు. 2కే ఇయ్యుండ్రి.

కాయితం మీద అద్దె 18 వేలే ఉంచుండ్రి. మొదటి 3 నెలలు సగం అద్దె అని రాయుండ్రి. మీకు పోయేది 27 వేలు. నెలకు 2 వేలు తగ్గించినా ఏడాదికి పోయేది 24 వేలు, కానీ ఆ తగ్గింపు రెండో ఏడాదీ, మూడో ఏడాదీ వెంట వస్తది. ఏటా 5 శాతం పెంపు కూడా 16 మీద లెక్కకొస్తది, 18 మీద కాదు. కిరాణా అతను అడిగితే, అద్దె ఒకటే, కొత్తగా పెట్టుబడి పెట్టేటోడికి మొదటి 3 నెలలు వెసులుబాటు అని చెప్పొచ్చు. అబద్ధం కాదు కదా. ఖాళీగ ఆగుడు మాత్రం వద్దు. 18 వేల మడిగె 6 నెలలు ఖాళీ ఉంటే 1,08,000 పోయినట్టు. 2 వేల తగ్గింపు లెక్కన అది 54 నెలల డబ్బు.

కిరాణాకు రాసియ్యుండ్రి, కానీ 'కిరాణా' అని ఒక్క మాట రాస్తే రేపు బేకరీలో బ్రెడ్డు అమ్మినా, మెడికల్ షాపులో పాలపొడి, సబ్బులు పెట్టినా మీ మీదికే వస్తడు. వస్తువులు పేరుపేరున రాయుండ్రి: బియ్యం, పప్పులు, నూనెలు, మసాలాలు. పాలు, బ్రెడ్డు, కూరగాయలు అందరికీ విడిచిపెట్టుండ్రి. షాపు వరుసగా 30 రోజులు మూసి ఉన్నా, 2 నెలల అద్దె ఆగినా ఆ హక్కు పోతదని కలపుండ్రి. దానికి బదులు అతని దగ్గర పొద్దున 6:30కల్లా షట్టర్ లేపాలనే షరతు రాయించుకోండ్రి. టిఫిన్ సెంటర్ వచ్చేదాకా పొద్దున పూట మీ కాంప్లెక్స్‌లో వెలిగే లైటు అదొక్కటే.