చూపులేనివాళ్లు వంద, రెండొందల నోట్లు ఎలా గుర్తుపడతారండీ?

మాది విశాఖ, కంచరపాలెం. నీటికాసులతో మా నాన్నకి రెండేళ్ల కిందట చూపు పోయింది. కొట్టు మాత్రం వదలనంటారు. కొబ్బరికాయ చెవి దగ్గర ఊపి నీళ్లెన్నో చెప్పేస్తారు గానీ నోటు దగ్గరే తడబాటు. మొన్నెవరో వంద చేతిలో పెట్టి రెండొందలన్నారు, ఆ లెక్కనే చిల్లర ఇచ్చేశారు.

మన నోట్ల మీద బ్రెయిలీ ఉండదు కదా. వందకి అంచుల్లో 4 ఉబ్బు గీతలు, రెండొందలకి అవే 4 గీతల మధ్య 2 సున్నాలు, ఐదొందలకి 5 గీతలు. కొత్త నోటైతే బొటనవేలితో తడిమి టక్కున చెబుతారు. చేపల బజారు తిరిగొచ్చిన నోటుకి ఆ ఉబ్బెక్కడుంటుంది? పొడవు చూద్దామంటే వంద 142, రెండొందలు 146 మిల్లీమీటర్లు, తేడా 4! నాణేలతో అంత గొడవ లేదు, కొత్త 20 రూపాయలదైతే 12 పలకలు.

ఫోను కెమెరాతో చూసి నోటు ఎంతదో చెప్పే 'మణి' యాప్, రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చింది, నెట్ లేకున్నా పనిచేస్తుంది. కానీ బేరం వేళ ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో నోటు, కుదరట్లేదు.

నోటు పొడవు కొలిచే అట్టముక్కలాంటిది వాడుతున్నవాళ్లున్నారా? వైజాగ్‌లో దొరుకుతుందా, ఇంట్లో చేసుకోవాలా? గల్లాపెట్టెలో నోట్లు ఎలా మడిచి సర్దుతారో కూడా చెప్పండి.