అన్నం పొట్లాల దగ్గరే ఆగుదామా, జీతాల దాకా వెళ్దామా?

పటమట పంతులమ్మ:
విజయవాడ పటమటలో మా వీధిలోని నాలుగైదు అపార్ట్‌మెంట్ల వాళ్ళం కలిసి ఆదివారాలు సేవ చేస్తుంటాం. బస్టాండు దగ్గర అన్నం పొట్లాలు, చలికాలంలో దుప్పట్లు, బడులు తెరిచేటప్పుడు నోటుపుస్తకాలు. ఈసారి చందాలు వసూలయ్యాక మాలో మాకే వాదన వచ్చింది. సగం మంది అన్నదానమే కొనసాగిద్దామంటున్నారు. నాతో కలిపి మిగతావాళ్ళం ఆ మనుషుల్నీ ఆ పూటల్నీ వేరే పనికి పెడదామంటున్నాం. పేద ఇంటికి వడ్డీ భారం తగ్గించడం, రావాల్సిన డబ్బు రాబట్టడం, కూలి పెరిగేలా చూడటం.

నా వాదన ఇది. అన్న క్యాంటీన్లో 5 రూపాయలకి భోజనం దొరికే ఊళ్ళో ఒక పూట గడవడం కంటే నెలాఖరు గడవడం కష్టం. మొగల్రాజపురం కొండ మీదో గుణదల కొండ మీదో అద్దెకుండే ఆవిడ కిందకి దిగి నాలుగిళ్ళలో పనిచేసి తెచ్చుకున్నది అద్దెకీ, వడ్డీకీ, పిల్లాడి ఫీజుకీ పోతుంది. ఆ మూడింట్లో ఏ ఒక్కటి తగ్గినా ఆ ఇంట్లో ప్రతి నెలా ఎంతో కొంత మిగులుతుంది. మనలాంటి గుంపులు ఈ ఆదాయాల తేడా మీద పనిచేయగలవా? లేక అది మన వల్ల కాని పనా? దయచేసి మొహమాటపడకుండా చెప్పండి.

గవర్నర్‌పేట పెద్దాయన:
అమ్మా, ఆకలికి లెక్కలు కట్టకండి. క్యాంటీన్ ఉంది నిజమే. రాత్రి పదింటికి ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చున్నవాళ్ళకి ఎవరు పెడతారు? పల్లె నుంచి రోగిని తీసుకొచ్చినవాళ్ళకి ఈ ఊళ్ళో ఏది ఎక్కడుందో కూడా తెలీదు. ఆదాయాల తేడా తగ్గించడం పన్నులు వేసే ప్రభుత్వం పని. ఇంకో మాట. జనం వడ్డించడానికి ఉత్సాహంగా వస్తారు, పిల్లల్ని కూడా తెస్తారు. దరఖాస్తులు నింపుదాం రండి అంటే రెండో ఆదివారానికి నలుగురు మిగలరు. ఉన్న గుంపు చెదిరిపోతే అన్నమూ ఉండదు, కాగితమూ ఉండదు.

సింగ్‌నగర్ వాసి:
పెద్దాయన మాటని నేను కొట్టిపారేయలేను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా ఇళ్ళ మీద పడ్డప్పుడు పడవల మీద, ట్రాక్టర్ల మీద వచ్చిన పొట్లాలే మమ్మల్ని నిలబెట్టాయి. ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్ళు నడుంలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి పాల ప్యాకెట్లు అందించారు. వాళ్ళ రుణం తీరేది కాదు.

కానీ నీళ్ళు తీశాక సంగతి కూడా చెప్పాలి. కింది అంతస్తు వాళ్ళకి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 సాయం ప్రకటించారు. అప్పుడు మొదలైంది అసలు తిప్పలు. జాబితాలో పేరు లేనివాళ్ళు కొందరు, ఆధార్‌కి బ్యాంకు ఖాతా కలవక డబ్బు పడనివాళ్ళు కొందరు. అద్దెకున్నవాళ్ళకి రావాలా ఓనరుకి రావాలా అని మరో తగువు. పొట్లాలు తెచ్చిన గుంపులు అప్పటికి వెళ్ళిపోయాయి. మా సందులో డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు వార్డు సచివాలయానికీ బ్యాంకుకీ తిరిగి ఒక్కో ఇంటి కాగితాలు సరిచేయించారు. ఒక ఇంటికి 25,000 వచ్చిందంటే తడిసిన మంచం, మిక్సీ, కుట్టుమిషను మళ్ళీ వచ్చాయన్న మాట. కుట్టుమిషను వచ్చిన ఇంటికి సంపాదన కూడా తిరిగొచ్చింది. ఆ రెండో వారంలో ఒక్క పదిమంది ఉండుంటే ఇంకెన్ని ఇళ్ళు నిలదొక్కుకునేవో.

బీసెంట్‌రోడ్డు బండి:
మీరంతా సేవ చేసే వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను అందుకునే వైపు నుంచి చెబుతాను. రెడీమేడ్ బట్టలమ్ముతాను. ప్రతి పండక్కీ సరుకు డబ్బు కావాలి. రోజువారీ ఫైనాన్స్ వాళ్ళు 10,000 అని రాసుకుని చేతిలో 8,500 పెడతారు. రోజుకి 100 చొప్పున నూరు రోజులు కట్టాలి, సాయంత్రం బండి దగ్గరికే వచ్చి పట్టుకుపోతారు. పోయేది 1,500 కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకీ తీరిపోతూ వస్తుంటే వడ్డీ మాత్రం మొత్తం మీద ముందే పట్టేసుకున్నారు. ఏడాది లెక్కన చూస్తే నూటికి నూరు దాటుతుంది. 2015 డిసెంబర్లో కాల్‌మనీ వ్యవహారం, అంటే అధిక వడ్డీకి అప్పిచ్చి వేధించడం, బయటపడి ఈ ఊరి పేరు ఎంత గోల అయిందో మీకు గుర్తుండే ఉంటుంది. కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. అప్పు అవసరం మాత్రం అలాగే ఉంది.

వీధి వ్యాపారులకి 2020లో పీఎం స్వనిధి అనే కేంద్ర ప్రభుత్వ రుణ పథకం వచ్చింది. తాకట్టు అక్కర్లేదు. మొదటి లోన్ అప్పట్లో 10,000, ఇప్పుడు 15,000. తీర్చితే తర్వాత 25,000, ఆ పైన 50,000 దాకా ఇస్తారు. వాయిదాలు టైముకి కడితే 7 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. కానీ కార్పొరేషన్ గుర్తింపు కార్డో సిఫారసు లేఖో ఉండాలి. ఫోన్ నంబరు ఆధార్‌లో ఉండాలి. ఆ పైన బ్యాంకులో ఒక మనిషి మన మాట వినాలి. నేను ఒక్కణ్ణే వెళ్తే తర్వాత రమ్మన్నారు. మా దగ్గర చొక్కాలు కొనే లెక్చరర్ గారు తోడొచ్చి పక్కన కూర్చుంటే ఆ రోజే దరఖాస్తు తీసుకున్నారు. అవే కాగితాలు, అదే బ్యాంకు. ఏడాదికి మూడు విడతలు ఫైనాన్స్ తిప్పేవాణ్ణి, అంటే 4,500 వాళ్ళకే పోయేది. ఇప్పుడు అందులో చాలా భాగం నా దగ్గరే ఉంటోంది. ఆ లెక్చరర్ గారు నాకు రూపాయి ఇవ్వలేదు, ఒక పూట ఇచ్చారు. నాకు అంతకంటే పెద్ద సాయం ఎవరూ చేయలేదు.

ఆటోనగర్ కార్మికుడు:
బండి అన్న చెప్పింది బాగుంది. కాగితాల సాయం మంచిదే. అయినా అది ఆదాయాల తేడాని ముట్టుకోదు, ఒకరిద్దరిని గట్టెక్కిస్తుంది, అంతే. తేడా ఎక్కడ పుడుతోంది? కూలి రేటు దగ్గర. అక్కడ సేవా గుంపులు నోరెత్తవు, ఎందుకంటే కూలి ఇచ్చేవాళ్ళూ సేవ చేసేవాళ్ళూ ఒక్కరే.

2025 ఉగాది రోజు, మార్చి 30న, రాష్ట్ర ప్రభుత్వం పీ4 అనే పథకం మొదలుపెట్టింది. పై 10 శాతం వాళ్ళు మార్గదర్శులుగా, కింది 20 శాతంలోని, బంగారు కుటుంబాలు అని పిలిచే పేద ఇళ్ళని దత్తత తీసుకుని చేయూతనివ్వాలని, 2029కల్లా పేదరికం పోవాలని లక్ష్యం పెట్టుకున్నారు. ముందుకొచ్చిన దాతల్ని నేను తక్కువ చేయను. కానీ దత్తత తీసుకున్నాయన వచ్చే ఏడాది మానేయొచ్చు. అడిగే హక్కు ఆ కుటుంబానికి లేదు. కూలి ఒప్పందం అలా కాదు, సంతకం పెట్టాక ఇచ్చి తీరాలి. ఇంటి పనిని ఉమ్మడి రాష్ట్రంలో 2007లోనే కనీస వేతనాల కిందికి తెచ్చారు. మీ గుంపులో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? తెలిసినవాళ్ళలో ఎంతమంది ఆ లెక్క చూసి ఇస్తున్నారు? పంతులమ్మ గారూ, మీరు మొదట మీ అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల జీతం ఎంతో ఇక్కడ రాయండి.

అసోసియేషన్ ట్రెజరర్:
ఈ చర్చలో లెక్కలు రాసే మనిషి ఒకరు ఉండాలి కాబట్టి వచ్చాను. మా బ్లాకులో సగం ఫ్లాట్లు పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ళవి. మెయింటెనెన్స్ 200 పెంచుదామంటే మూడు మీటింగులు పడుతుంది. లిఫ్టు, మోటారు, డాబా లీకులు, ఇవన్నీ ఆ డబ్బులోనే. వాచ్‌మన్‌కి గది, కరెంటు, నీళ్ళు మేమే ఇస్తున్నాం, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. మరీ ఒత్తిడి చేస్తే సభ్యులు సెక్యూరిటీ ఏజెన్సీని పెట్టుకుందామంటారు. అప్పుడు ఉన్న కుటుంబం రోడ్డున పడుతుంది. ఆవేశంలో వాళ్ళ బతుకు పాడుచేయకండి.

వాచ్‌మన్ గారి అమ్మాయి:
ట్రెజరర్ అంకుల్ గారికి నమస్కారం. మీరు నాకు తెలియదు, మా అపార్ట్‌మెంటు వేరు. గది గురించి రాశారు కాబట్టి చెబుతున్నాను. మెట్ల కింద గదిలో నేను పదో తరగతి చదివాను. ఆ గది మా నాన్నకి ఇల్లు కాదు, డ్యూటీ చేసే చోటు. రాత్రి ఒంటిగంటకి కారు వచ్చినా గేటు తీయాలి, నాలుగింటికి మోటారు వేయాలి. మా అమ్మ మెట్లు కడుగుతుంది, చెత్త కిందకి దించుతుంది, నాన్న బయటికెళ్తే గేటు దగ్గర కూర్చుంటుంది. జీతం నాన్నకి ఒక్కరికే. అమ్మ చేసేది పని అని ఎవరూ అనుకోలేదు. ఏటా దుప్పటి ఇస్తారు, కొత్త బట్టలు పెడతారు, వాళ్ళ మంచితనం మీద నాకు అనుమానం లేదు. మా నాన్న అడగాలనుకుని అడగలేకపోయింది వారానికి ఒక్క రోజు సెలవు. మా అమ్మమ్మ పోయినప్పుడు కూడా బదులు మనిషిని తెచ్చి పెట్టి వెళ్ళాల్సి వచ్చింది. సేవ చేసే గుంపులో ఎవరైనా నెలకి ఒక ఆదివారం ఆ గేటు దగ్గర కూర్చుంటే మా నాన్న ఊరెళ్ళి వస్తాడు.

గుంటూరు నుంచి:
మా ఊరి సంగతి చూస్తే ఆటోనగర్ ఆయన వాదనకి బలం దొరుకుతుంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా కార్మికులకి సంఘాలున్నాయి, కూర్చుని మాట్లాడుకుని రేటు పెంచుకుంటారు. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరప తొడిమలు తీసే ఆడవాళ్ళకి అలాంటి బలం లేదు. తూకం లెక్కన కూలి, చేతులు మంట, దగ్గు. మేము కొందరం మాస్కులూ చేతి తొడుగులూ పంచాం. తొడుగు వేసుకుంటే పని నెమ్మదిస్తుందనీ, నెమ్మదిస్తే కూలి తగ్గుతుందనీ తీసి పక్కన పెట్టారు. రేటు మారకుండా తొడుగు ఇస్తే ఉపయోగం లేదని వాళ్ళ దగ్గరే తెలిసింది. అయితే ఆ రేటు మాట మేం బయటినుంచి వచ్చి మాట్లాడితే మరుసటి రోజు ఆ మనిషికే పని ఉండదు. అది కూడా చూశాం. కాబట్టి వాళ్ళు సంఘం పెట్టుకుంటే వెనక నిలబడొచ్చు, ముందు నడవకూడదు.

పటమట పంతులమ్మ:
అమ్మాయీ, నీ మాట చదివాక మా మీటింగులో పెట్టాల్సిన మొదటి అంశం ఏదో నాకు తేలిపోయింది. ట్రెజరర్ గారూ, లెక్కతోనే మాట్లాడుకుందాం. 30 ఫ్లాట్లు ఉన్నచోట ఒక్కో ఇల్లు నెలకి 200 వేస్తే 6,000. దాంతో వాచ్‌మన్ భార్య చేసే పనికి విడిగా జీతం ఇవ్వొచ్చు. పెన్షన్ మీద ఉన్నవాళ్ళకి కష్టమైతే మా సేవా చందాలోంచి ఆ ఇళ్ళ వాటా మేం వేస్తాం. దుప్పట్లకి పెట్టే డబ్బు అటు మళ్ళిస్తే సరిపోతుంది. ఏడాదికి 20 రూపాయలకి 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకి 2 లక్షల జీవిత బీమా ప్రభుత్వ పథకాల్లో ఉన్నాయి. వాచ్‌మన్లకీ పనివాళ్ళకీ ఆ రెండూ కట్టించడానికి మీటింగు కూడా అక్కర్లేదు.

ఆటోనగర్ ఆయనతో ఒక్కచోట విభేదిస్తాను. ఇచ్చేవాళ్ళూ సేవ చేసేవాళ్ళూ ఒక్కరే అన్నారు. అందుకే ఈ పని మా గుంపుకి కుదురుతుంది అంటున్నాను. ఊళ్ళో కూలి రేట్లన్నీ మేం మార్చలేం. మేం ఇచ్చే కూలి మాత్రం మా చేతుల్లోనే ఉంది. నాలుగైదు అపార్ట్‌మెంట్లు ఒకే రేటు, ఒకే సెలవు అనుకుంటే పక్క వీధిలో వాళ్ళకీ అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

అసోసియేషన్ ట్రెజరర్:
మీ చందాలు ఒక ఏడాది ఉంటాయి, ఆ తర్వాత? జీతం ఒకసారి పెంచితే తగ్గించలేం. అజెండాలో పెట్టండి, మా వీధి కాకపోయినా లెక్క నాకు పంపండి, చూస్తాను. ఇప్పటికైతే నేను ఒప్పుకోవడం లేదు. బీమా మాటకి మాత్రం అభ్యంతరం లేదు, మా బ్లాకులో ఈ నెలే కట్టిస్తాను.

ఆటోనగర్ కార్మికుడు:
ఆ రేటు వాచ్‌మన్లతో కూర్చుని నిర్ణయించండి. మీలో మీరే అనుకుని వాళ్ళకి చెప్పకండి.

గవర్నర్‌పేట పెద్దాయన:
రాత్రిపూట అన్నం నేను ఆపను. అమ్మాయి అడిగిన గేటు డ్యూటీకి మాత్రం మా ఇంట్లో కుర్రాళ్ళని పంపుతాను. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. లోను కాగితాలు చూడటం నాకు కొత్త కాదు.

బీసెంట్‌రోడ్డు బండి:
పెద్దాయన గారూ, మీ ఆదివారాలు మాకు పనికిరావు. ఆదివారం బ్యాంకూ ఉండదు, సచివాలయమూ ఉండదు. మామూలు రోజుల్లో పదకొండు నుంచి ఒంటిగంట లోపు మా బేరాలు పల్చగా ఉంటాయి. ఆ టైముకి ఎవరు రాగలరో చెప్పండి. నా పక్క బండ్ల వాళ్ళలో సిఫారసు లేఖ లేనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఆధార్ జిరాక్సులు నేను తీసిపెడతాను.