తోటి ఉద్యోగులే ఎంపిక చేసే అవార్డు: గొడవలు రాకుండా ఎట్లా పెట్టాలి?

నల్లగొండ జిల్లాలో ఒక మండల పరిషత్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆగస్టు 15కో, జనవరి 26కో కలెక్టర్ గారి చేతుల మీదుగా ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రాలు ఇస్తారు కదా. పేర్లు పైఅధికారులు పంపుతారు. వాళ్ల కళ్లముందు తిరిగేవాళ్లకే వస్తాయని మా స్టాఫ్ గొణుగుడు. అందులో కొంత కడుపుమంట కూడా ఉందనుకోండి.

అందుకే పంచాయతీ కార్యదర్శులు, కారోబార్లు (పంచాయతీ పన్నులు, లెక్కలు చూసేవాళ్లు), మల్టీపర్పస్ వర్కర్లు ఒకరి పేరు ఒకరు రాసిచ్చే పద్ధతి పెట్టి, ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవం నాడు సన్మానం చేద్దామనుకుంటున్నాం. ఒక ఊళ్లో నీళ్లు వదిలే అతను ఉన్నాడు. మిషన్ భగీరథ పథకం నీళ్లు రాని రోజు తెల్లారకముందే వాల్వ్ గుంతలో దిగి, బురద చేత్తో తోడి, ఏ వాడకు ఎప్పుడు నీళ్లొస్తాయో ఫోన్లు చేసి చెప్తాడు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన జిల్లా మాది, ఆ పని విలువ మాకు తెలుసు. ఫైళ్లలో మాత్రం అతని పేరు ఎక్కడా కనబడదు.

నా టెన్షన్ ఏంటంటే, గ్రూపులు కట్టి ఓట్లేసుకుంటారేమో. పేరుతోపాటు ఫలానా పని చేశాడని వివరంగా రాయాలనే షరతు పెడితే సరిపోతుందా? అంతగా రాయడం రాని వర్కర్ల తరఫున ఎవరు రాయాలి? చీటీలు మా ఎంపీడీవో గారు చూడాలా, వేరే మండలం వాళ్లను పిలవాలా? రాసినవాళ్ల పేర్లు బయటపెట్టొచ్చా? మీ దగ్గర ఇట్లాంటిది నడిపినవాళ్లుంటే చెప్పండి. డబ్బులు పెద్దగా లేవు, శాలువా, షీల్డు వరకు చందాలు వేసుకుంటాం.