ఇరవై నిమిషాల దాకా నాదే పైచేయి, ముప్పై దాటేసరికి జీజీ (ఓటమి ఒప్పుకోవడమే). ఎక్కడ పోతోంది?

స్కౌట్_రాజు:

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ గేమ్, ర్యాంక్డ్ వన్ వర్సెస్ వన్, ఎప్పుడూ అరేబియా మ్యాపే. ఎలో (ర్యాంకింగ్ పాయింట్లు) 900కీ 1000కీ మధ్య ఊగుతోంది తప్ప దాటట్లేదు.

నిన్నటి మ్యాచ్ చెప్తా, మిగతావీ దాదాపు ఇదే కథ. నా సివ్ (ఎంచుకుని ఆడే జాతి) ఫ్రాంక్స్, అవతలివాడిది బ్రిటన్స్. ఫ్యూడల్‌కి (రెండో ఏజ్) చేరగానే స్టేబుల్ (గుర్రపుశాల) వేసి స్కౌట్లు (తేలికపాటి గుర్రపు సైనికులు) పంపా. వుడ్‌లైన్‌లో (చెట్లు నరికే చోట) దూరి ముగ్గురు విలేజర్లని (పనివాళ్ళని), బెర్రీల దగ్గర ఇద్దరిని లేపేశా. వాడు స్పియర్‌మెన్ (ఈటెలవాళ్ళు) దింపాడు. నేను వదల్లేదు, ఇంకా స్కౌట్లు తీస్తూనే ఉన్నా, మొత్తం 11. స్కోర్‌లో నేనే ముందు. 22వ నిమిషంలో క్యాజిల్ ఏజ్‌కి (మూడో ఏజ్) మారడానికి క్లిక్ చేశా. వాడు 19కే చేసేశాడని రీప్లేలో చూసేదాకా తెలీదు. 30 దాటాక 40 క్రాస్‌బోలతో (మెరుగైన విల్లువాళ్ళు) వచ్చాడు. నా దగ్గర 12 నైట్లు (బరువైన గుర్రపు సైనికులు). అరనిమిషంలో ఊడ్చేశాడు.

అప్పటికి నా దగ్గర 900 వుడ్ ఉంది, ఫుడ్ 60, గోల్డ్ 110. రీప్లేని క్యాప్చర్ ఏజ్‌లో (రీప్లే చూసే టూల్) పెట్టి చూస్తే, నేను క్యాజిల్ క్లిక్ చేసేలోపు టీసీ (టౌన్ సెంటర్, విలేజర్లు పుట్టే బిల్డింగ్) ఐడిల్ టైమ్ (ఖాళీగా ఉన్న సేపు) 3 నిమిషాల 20 సెకన్లు అని చూపిస్తోంది.

సివ్ మార్చాలా? వేరే బిల్డ్ ఆర్డర్ (ఏది ఎప్పుడు కట్టాలనే వరస) పట్టాలా? మైక్రో (యుద్ధంలో సైన్యాన్ని కదపడం) నేర్చుకో అని మాత్రం అనకండి, అది బానే ఉంది.


రాతిగోడ:

సివ్ మార్చక్కర్లేదు బ్రో. గెలిచే సివ్ అంటూ ఆ ఎలోలో ఏదీ ఉండదు. ఫ్రాంక్స్ అయితే మరీ సుఖం, మిల్ కడితే చాలు, హార్స్ కాలర్ లాంటి మిల్ అప్‌గ్రేడ్లన్నీ ఉచితం.

ముందు పాలిసేడ్ (కర్ర గోడ) వేసుకో, తర్వాత మిగతా కబుర్లు.


ముసలి_నైట్:

తమ్ముడూ, గోడ సంగతి తర్వాత. నువ్వు ఇచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది. ఆ 3:20 చూడు.

విలేజర్ బయటికి రావడానికి 25 సెకన్లు. 3:20 అంటే 200 సెకన్లు. అంటే ఎనిమిదిమంది. వాడి విలేజర్లని ఐదుగురిని చంపిన ఆ సంబరంలోనే నీ విలేజర్లని ఎనిమిదిమందిని పుట్టకుండా చేసుకున్నావు. స్కోర్‌బోర్డులో నువ్వు ముందున్నట్టు కనబడటానికి మోసపోకు, అందులో పుట్టనివాళ్ళ లెక్క ఉండదు. నువ్వు వాడి బెర్రీల చుట్టూ తిరుగుతున్నంతసేపూ నీ టీసీ గుడ్లప్పగించి చూస్తోంది. ఏజ్ మారుతున్నప్పుడు విలేజర్లు రారు కదా అంటావేమో, ఫ్యూడల్‌కి పట్టే 130 సెకన్లూ టీసీ పనిలోనే ఉంటుంది, అది ఐడిల్ కిందికి రాదు. ఈ 200 సెకన్లు అచ్చంగా ఖాళీగా కూర్చున్నవి.

ఇక స్కౌట్లు. ఒక్కోటి 80 ఫుడ్. 11 తీశావంటే 880. క్యాజిల్ ఏజ్ ఖరీదు 800 ఫుడ్, 200 గోల్డ్. వాడు నీకంటే మూడు నిమిషాలు ముందు ఎలా క్లిక్ చేశాడో ఇప్పుడు అర్థమైందా? క్యాజిల్ ఏజ్ ఫుడ్ మొత్తం నువ్వు గుర్రాల మీద పెట్టావు. మొదటి నాలుగైదు స్కౌట్లకి నేను వంక పెట్టను, అవి వాటి పని అవి చేశాయి. స్పియర్‌మన్ కనబడ్డాక కూడా తీసిన ఆ ఆరు ఏం సాధించాయి? స్పియర్‌మన్ ఖరీదు 35 ఫుడ్, 25 వుడ్. గుర్రమెక్కిన వాడి మీద అదనంగా 15 దెబ్బ. 80 ఫుడ్ వస్తువుని తీసుకెళ్ళి దాని ముందు పెట్టడం దండగ వ్యవహారం. అలాంటప్పుడు ఉన్న స్కౌట్లని జంటగా ఇంకో వుడ్‌లైన్‌కి తిప్పు, కొత్తవి తీయకు. స్పియర్‌మన్ నడిచి వచ్చేలోపు నువ్వు మళ్ళీ ఇటు వచ్చేస్తావు. ఏమీ చంపకపోయినా పర్లేదు, వాడి కళ్ళు నీ మీద ఉంటే చాలు.

మిగిలిన 900 వుడ్ గురించి. పొలం ఖరీదు 60, అంటే 15 పొలాల వుడ్ అక్కడ మూలుగుతోంది. ఫుడ్ 60 ఉన్నవాడికి వుడ్ 900 ఉందంటే చెట్ల దగ్గర జనం ఎక్కువైనట్టే లెక్క. 20వ నిమిషంలోనే ఓ ఆరుగురిని అక్కడ్నించి లేపి పొలాల మీదా గోల్డ్ మీదా కూర్చోబెట్టాల్సింది. చివరి నిమిషంలో అయినా మార్కెట్ ఉంటే అమ్ముకోవచ్చు, మొదటి వంద వుడ్‌కి 70 గోల్డ్ వస్తుంది, అమ్మేకొద్దీ రేటు పడుతుంది. కానీ మార్కెట్‌ని నమ్ముకుని ఆడకు.

ఇంతకీ బ్లాక్‌స్మిత్‌లో (ఆయుధాల, కవచాల అప్‌గ్రేడ్లు వేసే చోటు) ఏం వేశావు?


స్కౌట్_రాజు:

ఫోర్జింగ్ (దెబ్బ పెంచేది) ఒక్కటే వేశా అన్నా. ఆర్మర్ (కవచం) ఏదీ వేయలేదు.

వాడి ఐడిల్ టైమ్ కూడా చూశా, 50 సెకన్లు.


ముసలి_నైట్:

అనుకున్నా. కాస్త కూడికలూ తీసివేతలూ చేద్దాం.

క్రాస్‌బో దెబ్బ 5. బాణాల అప్‌గ్రేడ్లలో ఫ్లెచింగ్‌కి ఒకటి, బాడ్‌కిన్ ఆరోకి ఒకటి, మొత్తం 7. బ్రిటన్స్‌తో క్రాస్‌బోలు ఆడేవాడు ఆ రెండూ వేయకుండా రాడు. మామూలు నైట్‌కి 100 హెచ్‌పీ (ప్రాణం), ఫ్రాంక్స్ నైట్‌కి 20 శాతం ఎక్కువ కాబట్టి 120. బాణాల మీద నైట్ ఆర్మర్ 2. అంటే ఒక్కో బాణానికి 5 పోతుంది. 24 బాణాలకి నైట్ పడిపోతాడు.

గుర్రపువాళ్ళ కవచం స్కేల్ బార్డింగ్ వేస్తే ఆర్మర్ 3. బాణానికి 4 పోతుంది, 30 బాణాలు తట్టుకుంటాడు. పైన చైన్ బార్డింగ్ కూడా వేస్తే బాణానికి 3, అప్పుడు 40 బాణాలు. 24 ఎక్కడ, 40 ఎక్కడ! వాడి 40 క్రాస్‌బోలు ఒక్కసారి వదిలితే నీ నైట్లు ఒకటిన్నరకి పైనే పోతున్నారు. రెండు ఆర్మర్లూ ఉండుంటే ఒక్కడు. అది కూడా ఒక్క బాణం గురి తప్పకపోతే.

ఖర్చు చూస్తే స్కేల్ 150 ఫుడ్, చైన్ 250 ఫుడ్, 150 గోల్డ్. అంటే ఆ అదనపు ఆరు స్కౌట్ల ఫుడ్ 480తో రెండు ఆర్మర్ల ఫుడ్ వచ్చి ఇంకా మిగిలేది. ఫోర్జింగ్ కంటే ముందు ఇది వేయాలి. బాణాలవాళ్ళని చంపడానికి నైట్‌కి దెబ్బ చాలకపోవడం అంటూ ఉండదు, వాళ్ళ దాకా బతికి చేరడమే కష్టం.


వంద_బాణాలు:

నేను ఆర్చర్లే ఆడతాను కాబట్టి అవతలివైపు నుంచి చెప్తా.

ముసలి_నైట్ గారి ఐదు, ఎనిమిది లెక్కతో నాకు పూర్తిగా పొత్తు కుదరదు. ఫ్యూడల్ మొదట్లో చచ్చిన విలేజర్, తర్వాత పుట్టాల్సిన విలేజర్ ఒకటి కాదండీ. ముందు చచ్చినవాడు అక్కడ్నుంచి ప్రతి నిమిషం తేవాల్సిన వుడ్ అంతా పోతుంది. పైగా మిగతావాళ్ళు టీసీలో దూరి కూర్చుంటే ఆ సేపు పని ఆగుతుంది. రాజు స్కౌట్లు దండగ కాలేదు. దండగైంది ఆ తర్వాతి మూడు నిమిషాలు.

వాడు 19కి క్లిక్ చేశాడు, క్యాజిల్‌కి 160 సెకన్లు, అంటే 21:40కి చేరాడు. చేరగానే క్రాస్‌బో అప్‌గ్రేడ్ పెడతాడు, తర్వాత బాడ్‌కిన్. అవి పూర్తయ్యే దాకా వాడి దగ్గర ఉన్నవి మామూలు ఆర్చర్లే, పదో పన్నెండో. నాకు భయం వేసే సమయం అదొక్కటే. అప్పుడు నాలుగైదు నైట్లు స్కేల్ బార్డింగ్ వేసుకుని వస్తే ఆర్చర్లని టీసీ కింద దాచుకోవాల్సిందే, నా గోల్డ్ మైన్ దగ్గరికి కూడా పోలేను. రాజు క్యాజిల్ చేరింది 24:40కి. అప్పటికి ఆ తలుపు మూసుకుపోయింది. అక్కడ్నుంచి నైట్లని రెండేసి, మూడేసి పంపడం కాదు, 40 క్రాస్‌బోలు అయ్యేదాకా వాడికి టైమ్ ఇవ్వడమే అసలు దెబ్బ.

ఆలస్యమైందని తెలిశాక నైట్ల మీదే పంతం పట్టకుండా స్కర్మిషర్లు (ఆర్చర్ల మీదికి పంపే, ఈటె విసిరేవాళ్ళు) తీయొచ్చు. 25 ఫుడ్, 35 వుడ్, గోల్డ్ అక్కర్లేదు. 900 వుడ్ ఉన్నవాడికి ఇంకేం కావాలి?


ముసలి_నైట్:

స్కర్మిషర్ల మాట బావుంది, ఒప్పుకుంటా. కానీ 60 ఫుడ్‌తో రెండే వస్తాయి, అక్కడికీ పొలాలే కావాలి. విలేజర్ లెక్క మీద మాత్రం వెనక్కి తగ్గను. మీరు చెప్పిన ‘ప్రతి నిమిషం తేవాల్సిన వుడ్’ రాజు పుట్టించని ఎనిమిదిమందికీ వర్తిస్తుంది కదా. వాడి ఐడిల్ 50 సెకన్లే, అంటే ఇద్దరు. ఐదూ రెండూ ఏడు, ఇటు ఎనిమిది. చంపిందంతా చెల్లుకు చెల్లు అయిపోయి, పైన ఇంకొకడు బాకీ.


స్కౌట్_రాజు:

సరే, టీసీ ఖాళీగా ఉంచకూడదని అర్థమైంది. కానీ స్కౌట్లు అక్కడ కొట్టుకుంటుంటే కన్ను తిప్పితే చచ్చిపోతాయి. రెండూ ఎలా చూడటం? ముందే ఐదేసి విలేజర్లని క్యూలో పెట్టేస్తే?


ముసలి_నైట్:

ఐదుగురిని క్యూలో పెడితే 250 ఫుడ్ అక్కడే బందీ అయిపోతుంది. మొదటి నలుగురికి వేరే దారి లేదు, చేతిలో ఉన్న 200 ఫుడ్ అంతా వాళ్ళకే. ఫ్యూడల్‌లో ఒకడు తయారవుతూ, వెనక ఇంకొకడు ఉంటే చాలు. యుద్ధానికి వెళ్ళబోయే ముందు మాత్రం ఇద్దర్నో ముగ్గుర్నో పెట్టుకో, ఆ కాస్త ఫుడ్ ఇరుక్కున్నా పర్లేదు.

చూడటం గురించి. సెట్టింగ్స్‌లో గ్లోబల్ క్యూ ఆన్ చెయ్. ఏ బిల్డింగ్‌లో ఏం తయారవుతోందో స్క్రీన్ మీదే కనబడుతుంది. అందులో విలేజర్ బొమ్మ లేదంటే టీసీ ఖాళీ. టీసీని ఎంచుకునే హాట్‌కీ, విలేజర్ తీసే హాట్‌కీ రెండూ ఎడమచేతికి దగ్గరగా పెట్టుకుంటే కెమెరా కదపక్కర్లేదు. స్కౌట్ల మీద కన్ను ఉంచే రెండు మీటలు నొక్కొచ్చు. విలేజర్ బయటికొచ్చినప్పుడు వచ్చే చప్పుడుకి చెవి అలవాటైతే ఇంకా తేలిక. సంగీతం తగ్గించెయ్, అది ఎలాగూ ఎవరూ వినరు.

టీసీ గ్యాదర్ పాయింట్ (పుట్టినవాడు వెళ్ళే చోటు) ఊరికే నేల మీద కాకుండా చెట్టు మీదో గోల్డ్ మీదో పెట్టు. వచ్చినవాడు సోమరిగా నిలబడడు. ఇళ్ళు కూడా. పాపులేషన్ నిండి టీసీ ఆగిపోతే అదీ ఐడిలే. ఇంటికి 25 వుడ్, ఐదుగురికి చోటు. రీప్లేలో చూడు, నీ 200 సెకన్లలో సగం ఇళ్ళ దగ్గరే పోయి ఉంటాయని నా అనుమానం.


జెర్గ్_మామ:

నాది స్టార్‌క్రాఫ్ట్ 2, అయినా దూరాను. అక్కడ డ్రోన్‌కి (మా పనివాడు) 12 సెకన్లే, కాబట్టి ఖాళీగా కూర్చుంటే ఇంకా త్వరగా మునుగుతాం. కానీ మాకు ఒక అడ్డుకట్ట ఉంది. ఒక బేస్‌లో 8 మినరల్ ప్యాచ్‌లకి 16 మంది, రెండు గ్యాస్‌లకి ముగ్గురేసి, 22 దాటాక పెట్టినవాడు పెద్దగా పనికిరాడు, ఇంకో బేస్ వేయాల్సిందే. మీ ఆటలో అలాంటి గీత ఏమైనా ఉందా, లేక తీస్తూ పోవడమేనా?


ముసలి_నైట్:

మాకు గీత టీసీ దగ్గరే. ఒక్క టీసీ 25 సెకన్లకి ఒకరినే ఇస్తుంది, క్యాజిల్ ఏజ్‌లో అది ఎటూ చాలదు. అప్పుడు ఇంకో రెండు టీసీలు వేస్తారు. ఒక్కోటి 275 వుడ్, 100 స్టోన్. ఆట మొదట్లో ఇచ్చే 200 స్టోన్ ముట్టుకోకుండా ఉంచుకుంటే సరిగ్గా రెండిటికి సరిపోతుంది. రాజూ, నీ 900 వుడ్‌లో 550 ఇక్కడ వాడుకోవచ్చు. నీ 200 స్టోన్ ఏమైంది?


స్కౌట్_రాజు:

అలాగే ఉంది అన్నా. ముట్టుకోలేదు.

ఇప్పుడే రీప్లే మళ్ళీ చూశా. ఇళ్ళ దగ్గర పోయింది 70 సెకన్లు. మిగతాదంతా స్కౌట్లు కొట్టుకుంటున్నప్పుడే.


వంద_బాణాలు:

అయితే రెండు టీసీలు వేసేటప్పుడు ఒకటి గోల్డ్ మైన్ పక్కన వేయి రాజు. టీసీ బాణాలు వేస్తుంది కాబట్టి నాలాంటివాడు పది ఆర్చర్లతో వచ్చినా గోల్డ్ మీద పనివాళ్ళు లోపలికి దూరి బతుకుతారు. రెండోది వుడ్‌లైన్ దగ్గర.